గోడ మీది వేషం

వేషాల కోసం ఫోటోలు పంపడం మొదలుపెట్టేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బస్తాల మూతులు మిషన్‌తో కుట్టడం నా పని. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే వదిలానని ఇంట్లో చెప్పుకున్నాను. గుమస్తా నడక, లారీ డ్రైవర్ల దగ్గు, షావుకారు ఫోనులో ఒలకబోసే మర్యాద, అన్నీ చేసి చూపిస్తుంటే హమాలీలు బస్తా దించి మరీ నవ్వేవాళ్లు. ఆ నవ్వులే నన్ను చెడగొట్టాయి.

నటులను వెతికిపెట్టే ఆఫీసులు వాట్సాప్‌లో ప్రకటనలు పెడతాయి. ఎదురుగా ఒక ఫోటో, పక్కలకు రెండు, నిలువెత్తున ఒకటి, మేకప్ వద్దు. సూర్యాపేటలో మా పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియోకే వెళ్లాను. ఆ పెద్దాయనకు చేయి తిరిగిన పనులు రెండే. ఒకటి పెళ్లిళ్లు, రెండోది పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేయడం. నాకు పెళ్లయిపోయింది కాబట్టి రెండో లెక్కన కూర్చోబెట్టాడు. వెనక లేత నీలం తెర, గొంతు దాకా గుండీలు. నేను నవ్వబోతే కెమెరా దించేశాడు.

"నవ్వకు తమ్మీ. నవ్వితే ఫోటోల పండ్లే పడ్తయి, మనిషి పడడు."

నా బతుకులో నవ్వకుండా దిగిన ఫోటోలు అవే.

నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వచ్చే దసరా దాకా గడువిచ్చింది. అప్పటికీ వేషం రాకపోతే ఈ ఫోటోల పిచ్చి మానేయాలని చేతిలో చేయి వేయించుకుంది. ఊరూపేరూ తెలియని నంబర్లకు పంపాను. చూసినట్టు నీలం గీతలు పడేవి, అంతే. హైదరాబాద్ పోయి ఒక ఆఫీసులో కవర్ ఇచ్చాను. నెల తర్వాత ఇంకొకటి పట్టుకుపోతే, మొదటిది వాచ్‌మన్ టిఫిన్ డబ్బా కింద ఉంది. దాని మీద పప్పు మరక కూడా ఆరిపోయింది.

దసరా ఇంకో రెండు నెలలుందనగా ఒక ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. రోజూ వచ్చే కొత్త సీరియల్‌లో హీరోకు తండ్రి వేషమని, ముందు నా ఫోటో వాడుకుంటామని చెప్పింది. ముందు ఫోటో అంటే వెనక నేనే కదా అనుకున్నాను. మా వాడంతా చెప్పాను. సీరియల్ మొదలయ్యే రోజు సాయంత్రం మా గది నిండా జనం.

టీవీలో గోడ మీద నేనున్నాను. బంతిపూల దండ, నుదుట బొట్టు, కింద ఎర్రబల్బు. కొడుకు వేషం కట్టినవాడు నా ముందు నిలబడి ఏడుస్తున్నాడు. డైలాగ్ మరిచిపోయే భయం లేని వేషం దొరికిందని నేనే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా భార్య పుస్తెలు పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. అంతలో కోదాడ నుంచి అత్తమ్మ ఏడుస్తూ ఫోన్. నా భార్య ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బతికే ఉన్ననని నువ్వే చెప్పుకో."

ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు కొడితే మా ఇంట్లో టీవీ బంద్. నేను మిల్లు దగ్గర ఫోనులో చూసుకునేవాణ్ని. బతికున్న వేషం ఒక్కటి ఇప్పించమని ఆ అమ్మాయిని అడిగాను. వాళ్ల దగ్గర ఒకసారి చనిపోయిన ముఖాన్ని ఇంకో వేషంలో చూపించరట. తండ్రి బతికున్నప్పటి పాత కథ వచ్చినప్పుడు పిలుస్తామంది. దసరా వచ్చింది. వేషం వచ్చింది కాబట్టి మాట తప్పలేదని నా భార్యతో వాదించాను.

"దాన్ని వేషమంటరా?" అని ఒక్కమాట అని మిషన్ తొక్కుకుంది.

పాత కథ కోసం తయారయ్యాను. బస్తాలు కుడుతూ సీరియల్ కొడుక్కి బుద్ధులు చెప్పేవాణ్ని. ఫోటోలో ముఖం, మనిషి ముఖం ఒకేలా ఉండాలని నవ్వడం తగ్గించాను. హమాలీలు గుమస్తా నడక అడిగి అడిగి, అడగడం మానేశారు.

వేసవిలో ఒక సాయంత్రం ఆ కథ వచ్చింది. పొలం గట్టు మీద తెల్లపంచెలో ఎవరో నడిచొస్తున్నాడు. హీరో పెదనాన్నేమో అనుకున్నాను. కొడుకు పరిగెత్తి వెళ్లి నాన్నా అన్నాడు. తర్వాత గోడ చూపించారు. దండ అదే, లోపలి ఫోటో ఆ పంచెవాడిది. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

"ఫోటోకైతే మంచిగున్నరన్నా. కదిలితే ఎట్లుంటరో ఎవ్వరికీ తెల్వది కదా."

నిజమే. ఇన్నాళ్లలో ఏ ఆఫీసువాళ్లూ నేను కదలడం చూడలేదు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. మర్నాడు ఏడింటికి తనే టీవీ పెట్టింది. గోడ వచ్చేదాకా కూర్చుంది. దండ కింద పరాయి మనిషిని కళ్లారా చూసి, గుండె మీద చేయి వేసుకుని, "పీడ పాయె" అంది. చాలా నెలల తర్వాత ఆమె ముఖం తేటపడింది. నేను పక్కనే కూర్చుని, నా ముఖంలో లేని చావు ఆ ముఖంలో ఏముందా అని వెతుకుతున్నాను.