నేను గాలి తీయని పదకొండు లారీలు

మా ఇంటి గడప మీద ఒట్టు, ఈ ఏడు పండిన వడ్ల మీద ఒట్టు, పాలిచ్చే మా బర్రె మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. పెట్టనివ్వండి.

మాది చివ్వెంల దగ్గర పల్లె. యాసంగి వడ్లు ట్రాక్టర్‌కెత్తి మిర్యాలగూడలో ఒక మిల్లుకు తీసుకుపోతే, గేటు ముందు మూడు రోజులు ఎండలో నిలబెట్టారు. మాలాంటి ట్రాక్టర్లు ముందూ వెనకా చాలా ఉన్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మిల్లు గుమాస్తా వచ్చి, గింజ కొరికి, "తేమ ఎక్కువున్నది" అని పోయేవాడు. మూడో రోజు పొద్దున చూస్తే మిల్లు లారీలు నాలుగింటికి టైర్లలో గాలి లేదు. ఎవరు తీశారో నాకు తెలియదు. నేను ట్రాక్టర్ కింద పడుకొని గురకపెడుతున్నాను.

వారం తర్వాత సూర్యాపేట బస్టాండు పక్కన హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో ఆ లారీల మాట ఎత్తారు. నలుగురు చెవులు నా వైపు తిప్పితే నా నోరు ఆగదు.

"నేనే తీసిన," అన్నాను. "ఒక్క తుమ్మ ముల్లుతోని, పదకొండు లారీలు! గాలి బుస్సుమని వస్తుంటే నా ట్రాక్టర్‌ను దానికి ఎదురు పెట్టిన. అరగంటల వడ్లన్నీ కరకర ఎండినయ్. గుమాస్తా కొరికితే పన్ను ఇరిగింది."

హోటలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఒకడు ఫోన్లో వీడియో తీశాడు. "పదకొండు లారీలు" దగ్గర కోసేసిన ముక్క ఫోను నుంచి ఫోనుకు తిరిగి మిల్లుకు చేరింది. అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు.

"నీ నోటితోని నువ్వే చెప్పినవ్. ఇగ గీడ సంతకం పెట్టి పో," అని హెడ్ కానిస్టేబుల్ ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు.

"దీని మీద ఏం లేదు కద సార్?"

"మేం రాసుకుంటం తియ్యి."

"కథలల్లుడు నా పని సార్. మీరు అల్లేదానికి నేనెందుకు సంతకం పెడత?"

పొద్దు గుంకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను సంతకం పెట్టలేదు. చివరికి, పిలిచినప్పుడు రావాలని నోటీసు చేతిలో పెట్టి పంపారు.

ఊళ్లో దిగేసరికి నేను మొనగాణ్ణి. భుజం తట్టినవాళ్లు తట్టారు, చాయ్ పోయించినవాళ్లు పోయించారు. ఇంటికొస్తే మా ఆవిడ అడిగింది.

"ఏమయ్యా, చేసినవా, చెయ్యలేదా?"

"చెయ్యలే."

"మరి చేసినోని లెక్క మీసం తిప్పుతున్నవేంది?"

మర్నాడు తనే నన్ను కోదాడలో ఉన్న ఒక వకీలమ్మ దగ్గరికి లాక్కుపోయింది. మీద కేసు పడ్డ ప్రతివాడూ అడిగేవే నేనూ అడిగాను.

"నా నోటితోని నేనే చెప్పిన కదమ్మా, ఇగ రుజువైపోయినట్టేనా?"

"హోటల్లో కబుర్లు చెబితే నేరం రుజువైపోదండీ. మీరే చేశారని వాళ్లు చూపించాలి. చేయలేదని మీరు చూపించక్కర్లేదు."

"ఒప్పుకుంటే తొందరగ పోతదంటున్నరు."

"జరిమానాతో పోవచ్చు. శిక్ష పడిన మనిషి అన్న మాట మాత్రం పోదు." ఆమె ఫిర్యాదు కాగితం తిరగేసి ఆగింది. "అయినా ఇందులో నాలుగు లారీలే ఉన్నాయి. మీరు పదకొండన్నారేంటండీ?"

"నాలుగంటే ఎవరు వింటరమ్మా?"

ఆమె మొదటిసారి నవ్వింది. "అదే మనకి పనికొస్తుంది. మీరు గొప్పలు చెప్పే మనిషని కోర్టులో తేలాలి. అప్పటిదాకా నోరు మూసుకోండి."

అన్నిటికన్నా అదే కష్టం. గెలవాలంటే నేను కోతలరాయుణ్ణని నా ఊరి ముందే తేలాలి. ఒప్పుకుంటే నేరస్థుణ్ణే, కానీ మొనగాణ్ణి. రెండు రోజులు అన్నం సహించలేదు.

మిర్యాలగూడ కోర్టు వరండాలో నాలాంటివాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. "అన్నా, వాయిదాకు రాకుంటే ఏమైతది?" అని ఒకాయన నన్నే అడిగాడు. "వారెంటొస్తది. రాలేకుంటే ముందుగాల్నే వకీలుతోని అర్జీ పెట్టియ్యి," అన్నాను, నేనే పెద్ద వకీలునైనట్టు. అప్పుడే మిల్లు గుమాస్తా పక్కకొచ్చాడు.

"ఎందుకే పరేషాన్? ఒప్పుకో, ఇయ్యాల్నే ఖతం అయితది."

వాడి ముఖం చూస్తే గేటు ముందటి ఎండ గుర్తొచ్చింది. మూడు రోజులు మమ్మల్ని మాడ్చినందుకు ఎవరి మీదా కేసు లేదు. అప్పుడు తేలిపోయింది నాకు.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అని జడ్జిగారు అడిగారు.

"ఒప్పుకోను సార్. నేను చెయ్యలే. చెప్పిన, అంతే."

తర్వాత వకీలమ్మ వీడియో మొత్తం పెట్టించింది. వడ్లు ఎండిన చోట జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పన్ను విరిగిన చోట హాలంతా గొల్లుమంది. కేసు కొట్టేశారు. బయటికొస్తే నాలుగు లారీలూ ఒక్కసారి హారన్ కొట్టాయి.

ఇక ఒట్టు సంగతి. మా బర్రెకు ఏమన్నా అవుతుందని భయంగా ఉంది, అందుకే చెబుతున్నాను. "చెప్పిన, అంతే" దాకా నిజం. ఆ తర్వాతది నేను కల్పించింది. వీడియో మొత్తం ఎవరి దగ్గరుందో ఇంకా దొరకలేదు, వకీలమ్మ వెతికిస్తోంది. కేసు నడుస్తూనే ఉంది. ఊళ్లో ఇప్పుడు చాయ్ ఎవరూ పోయించడం లేదు.

పోయిన వాయిదాకు గుమాస్తా మళ్లీ వచ్చాడు. "ఇంక ఎన్ని దినాలు తిరుగుతవ్?" అన్నాడు.

"నువ్వు అడుగుడు బంద్ చేసేదాంక," అన్నాను.

ఇది నిజంగానే అన్నాను. మా ఆవిడ పక్కనే ఉంది, అడగండి.