తొట్టి లెక్క తప్పిన ఏడాది

పిల్లలు ఆమెను కోణాల టీచర్ అనేవారు. ఎదురుగా కాదు, మెట్ల మలుపు దాటాక. ఆరు, ఏడు తరగతులకు రేఖాగణితం చెబుతూనే జుట్టు సగం నెరిసిపోయింది. ఆమె త్రిభుజం గీస్తే నల్లబల్ల మీద అచ్చు గుద్దినట్టుండేది. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు నటిస్తూ లోలోపల మురిసిపోయేది.

పెద్ద తరగతికి కాలిక్యులస్ చెప్పే మాస్టారికి బడి తెరిచిన రెండు నెలలకే పక్షవాతం వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలు ఈమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

“మీరు డిగ్రీలో చదివారు కదా. ఆ క్లాసు మీరే తీసుకోవాలి.”

“చదివిన మాట నిజమే మేడమ్. ఆ తర్వాత దాని మొహం చూస్తే ఒట్టు.”

“మీరు కాదంటే క్లాసు ఎత్తేయాలి. తొమ్మిదిమంది ఉన్నారు. మధ్యలో వదిలేస్తే వాళ్ళేమైపోవాలి?”

ఆమె కాదనలేకపోయింది. భయమేసింది గానీ, ఆ భయం అడుగున చిన్న గర్వం కూడా ఉంది. ఇన్నేళ్ళకు పెద్ద తరగతి ఉండే పై అంతస్తు గదిలో పాఠం చెప్పబోతోంది.

ఆ రోజు నుంచి బడి నుంచి రాగానే పుస్తకం ముందేసుకుని కూర్చునేది. స్టవ్ మీద పాలు పొంగినా తెలిసేది కాదు. లిఫ్టులు బాగుచేసే భర్త పనిసంచి గుమ్మం దగ్గర దింపి ఆమెను వింతగా చూసేవాడు.

“పరీక్ష రాసేది నువ్వా, వాళ్ళా?”

“వాళ్ళకంటే ఒక్క అడుగైనా ముందుండాలి కదండీ.”

“ఒక్క అడుగేనా? నువ్వు పడ్డావంటే తొమ్మిదిమందీ నీ మీదే పడతారు, జాగ్రత్త.”

ఆమె నవ్వింది. మొదట్లో పాఠాలు బాగానే సాగాయి. సూత్రాలు బట్టీ పట్టి ఒప్పజెబుతుంటే పిల్లలు తలలూపేవారు. ఎందుకని అడిగితే మాత్రం అదే సూత్రం మళ్ళీ ఒప్పజెప్పేది. అలా అడిగేది ఒక్కతే, మూడో బల్ల దగ్గర కూర్చునే దర్జీగారమ్మాయి. గొంతు సన్నం కావడంతో తోటివాళ్ళు పిచ్చుక అని పిలిచేవారు.

తొట్టి లెక్క రోజు కూడా పిచ్చుకే చెయ్యెత్తింది. శంకువు ఆకారంలో ఉన్న తొట్టి, మొన కిందికి, వెడల్పు పైకి. అందులోకి నీళ్ళు ఒకే ధారగా పడుతున్నాయి. నీళ్ళు సగం లోతుకు వచ్చినప్పుడు మట్టం ఎంత వేగంగా పెరుగుతోందో కనుక్కోవాలి. టీచర్ ఆ లోతు దగ్గర నీటి వెడల్పు ఎంతో ముందే లెక్కగట్టి, ఆ అంకెను సూత్రంలో పెట్టేసి, ఆ తర్వాత లెక్క సాగించింది. జవాబు చకచకా వచ్చేసింది.

“టీచర్, నాకు అందులో మూడో వంతే వచ్చింది. పుస్తకం వెనకా అదే ఉంది.”

టీచర్ పుస్తకం తిప్పి చూసింది. నిజంగానే అలా ఉంది. పిల్లలందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. తన లెక్క మళ్ళీ చూసుకుందామనే అనుకుంది. గంట కొట్టే వేళయింది.

“అచ్చుతప్పయి ఉంటుంది. నేను చేసినట్టే రాసుకోండి” అంది.

పిచ్చుక కూర్చుని నల్లబల్ల మీది లెక్క రాసుకుంది.

అర్ధసంవత్సర పరీక్షలో తొట్టి లెక్కే వచ్చింది. పేపర్లు వేరే బడివాళ్ళు దిద్దారు. అవి తిరిగి వచ్చినప్పుడు పై కాగితం మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది: “అందరిదీ ఒకే తప్పు. ఇలా ఎవరు నేర్పారు?”

ఆ మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి ఇంటికి వచ్చేసింది. వంటింట్లో గరాటు తీసుకుని, అడుగున వేలు అడ్డుపెట్టి, కొళాయి సన్నగా తిప్పింది. నీళ్ళు మొదట గబుక్కున పైకి లేచాయి. గరాటు వెడల్పయ్యేకొద్దీ నెమ్మదించాయి. మట్టం పెరుగుతుంటే వెడల్పూ పెరుగుతోంది. తానేమో ఆ వెడల్పును ఒకచోట కట్టిపడేసి లెక్క చేసింది. ఏడో తరగతి పిల్లలకు బొమ్మ గీసి చెప్పే విషయం ఇది! ఆమె గరాటు సింకులో పడేసి అక్కడే నేల మీద చతికిలబడింది.

మర్నాడు ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి వెళ్ళి, “నన్ను తీసేయండి మేడమ్” అంది.

“తీసేసి ఎవరిని పెట్టమంటారు? మీరే చెప్పండి.”

అక్కడి నుంచి తిన్నగా తరగతికి వెళ్ళింది. తన పాత లెక్క నల్లబల్ల మీద వేసి, దాని మీద అడ్డంగా గీత గీసింది.

“తప్పు పుస్తకానిది కాదు. నాది.”

వెనక బల్ల పొడుగువాడు లేచాడు. “మరి మా మార్కులు?”

“దిద్దినవాళ్ళకు పొద్దున్నే ఫోన్ చేసి అడిగాను. ఒప్పుకోలేదు.”

“నేను అప్పుడే చెప్పాను టీచర్” అంది పిచ్చుక. కూర్చునే అంది. “పరీక్షలో కూడా ముందు నా పద్ధతిలోనే చేశాను. మీరు అచ్చుతప్పన్నారు కదా అని కొట్టేసి, మీలా రాశాను.”

టీచర్ చేతిలో సుద్దముక్క నలిగి పొడైంది.

ఆ తర్వాత పిచ్చుక చెయ్యెత్తడం మానేసింది. “నీకెంత వచ్చింది?” అని టీచరే అడిగితే, “మీరు చెప్పినంతే వచ్చింది టీచర్” అనేది. ఆ మాటలో వెటకారమేమీ లేదు. వెటకారమైనా బాగుండేదనిపించేది ఆమెకు.

ఒకరోజు కొత్త పాఠంలో లెక్క సగం దాకా చేసి ఆగిపోయింది. ఇంట్లో చేసుకొచ్చినదే, ఇప్పుడు అందడం లేదు. పాత అలవాటైతే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేది.

“ఇక్కడి నుంచి నాకు తెలియడం లేదు” అంది.

ఎవరూ నవ్వలేదు. పొడుగువాడు వచ్చి ఏదో ప్రయత్నించి తల గోక్కున్నాడు. కాసేపటికి పిచ్చుక లేచి వచ్చి, అతని చేతిలోంచి సుద్ద తీసుకుని, రెండు వరుసలు రాసి వెళ్ళి కూర్చుంది. టీచర్ వైపు చూడలేదు. అప్పటి నుంచి తెలియని చోట తెలియదనే చెప్పేది టీచర్. క్లాసు కుంటుకుంటూ సాగింది.

చివరి పరీక్షలో ఇద్దరు తప్పారు. పిచ్చుకకు మంచి మార్కులొచ్చాయి కానీ, పై చదువుకు లెక్కలు తీసుకోలేదు. మొక్కల శాస్త్రం తీసుకుందని తెలిసి, టీచర్ బడి గేటు దగ్గర ఆమెను ఆపింది.

“నా వల్లేనామ్మా?”

పిచ్చుక ఆలోచించింది. “కొంత, టీచర్” అంది. ఆగి, “మొక్కలంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే” అని కూడా అంది.

రెండోది నిజమో, తన కోసం అన్నదో టీచర్‌కు తేలలేదు. చాలాకాలం ఆ మొదటి మాటే చెవుల్లో మోగింది.

మరుసటి ఏడాది కాలిక్యులస్‌కు కొత్త లెక్కల మాస్టారు వచ్చాడు, కుర్రవాడు. ఆమె మళ్ళీ కోణాలకు వెళ్ళిపోయింది. కానీ ఖాళీ పీరియడ్‌లో పై అంతస్తుకు ఎక్కి, వెనక బల్ల మీద కూర్చోవడానికి అతన్ని అనుమతి అడిగింది.

“నన్ను పరీక్షించడానికా మేడమ్?” అన్నాడతను కంగారుగా.

“కాదు బాబూ, నేర్చుకోవడానికి.”

మొదటి వారమంతా నోరు విప్పలేదు. రెండో వారం, అతను ఒక సూత్రం గబగబా రాసి ముందుకు వెళ్ళబోతుంటే, వెనక నుంచి చెయ్యెత్తింది.

“అది ఎందుకలా అయింది?” అని అడిగింది.