ఆఖరి రౌండుకి ఉంచుకున్న పేరు

మా లాండ్రీలో ఆయన్ని అందరూ కోచ్ అనే పిలిచేవాళ్లు. బుద్ధెరిగాక బంతిని తన్నిన పాపాన పోలేదు. మోకాళ్లు అరిగిపోయి, బాయిలర్ గది మెట్లెక్కాలన్నా గోడ పట్టుకునే మనిషి. అయినా ఆ పేరు ఊరికే రాలేదు. మేమంతా ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆయన్ని కాదని గెలిచినవాళ్లు అరుదు. ఎవరైనా గెలిచారంటే ఆ ఏడు ఆయన నమ్ముకున్న ఆటగాడికి కాలు విరిగిందనే అర్థం.

నేను కాటా దగ్గర కూర్చునేదాన్ని. ఆసుపత్రుల నుంచి, హోటళ్ల నుంచి వచ్చే మాసిన దుప్పట్ల మూటలు తూచి లోపలికి పంపడం, ఉతికి మడత పెట్టాక మళ్లీ తూచి బండి ఎక్కించడం నా పని. కోచ్ పొద్దుటి షిఫ్టుకి సూపర్‌వైజరు. ఉతికే డ్రమ్ములు, డ్రయ్యర్లు, తడి దుప్పటిని ఒక పక్క నుంచి లాక్కుని రెండో పక్క ఇస్త్రీ చేసి వదిలే రోలర్ల మెషీను, మడతల బల్లలు, అన్నిటికీ ఆయనదే పూచీ. మధ్యాహ్నం షిఫ్టు సూపర్‌వైజర్ని పొడుగాయన అంటాం. ఏ గుమ్మంలోకి రావాలన్నా తల వంచాల్సిందే కాబట్టి ఆ పేరు.

లీగ్ గురించి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. నిజం ఆటగాళ్లు ఎక్కడో నిజం మైదానంలో ఆడుకుంటారు. మేం సీజన్ మొదలయ్యే ముందు టీ గదిలో కూర్చుని వాళ్లని మా మా జట్లుగా పంచుకుంటాం. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. వంతులవారీగా ఒక్కొక్కరం ఒక్కో పేరు పలకాలి. ఒకసారి ఒకరు పలికిన ఆటగాడు ఇంక వేరొకరికి దక్కడు. మొదటి రౌండులో ఆఖరున ఎంచుకున్నవాళ్లకి రెండో రౌండులో మొదటి అవకాశం. ఆ తర్వాత సీజనంతా మన ఆటగాడు గోల్ కొడితే మనకి పాయింట్లు, ఎర్ర కార్డు తింటే కోత. అంతే. చేతులు కాలకుండా వంట చేసినట్టుంటుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

పలికిన పేర్లు బోర్డు మీద రాసేది నేనే. కోడి కెలికినట్టు ఉండని చేతిరాత మా షెడ్డులో నాదొక్కటే. అందుకే ఆయన ఎంపిక ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మిగతావాళ్లు పేరున్నవాడి మీద ఎగబడేవాళ్లు. కోచ్ మాత్రం ప్రతి ఆటా మొదటి నిమిషం నుంచి ఆఖరి దాకా మైదానంలో ఉండేవాళ్లనే చూసేవాడు. "మెరుపు వారానికోసారి మెరుస్తుంది. మనకి రోజూ వెలిగే బల్బు కావాలి" అనేవాడు. పెనాల్టీ కొట్టే బాధ్యత ఏ జట్టులో ఎవరిదో ఆయనకి కంఠతా వచ్చు. పోయిన వారం మూడు గోల్స్ కొట్టాడని ఎవడి వెంటా పడేవాడు కాదు. దెబ్బ తగిలిందని వార్త రాగానే, ఎంత ఇష్టమైన ఆటగాడైనా సరే, కన్ను మూసి తెరిచేలోగా తీసేసి ఇంకొకర్ని పెట్టేవాడు. అభిమానించే క్లబ్బు ఆటగాళ్లని కావాలని పక్కన పెట్టేవాడు. మనసుని ఇంట్లో వదిలి డ్రాఫ్ట్‌కి రావాలట.

అన్నిటికన్నా పెద్ద సూత్రం ఇంకోటుంది. అది వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. "నీకు ఎవడు కావాలో తర్వాత చూసుకో. పక్కవాడికి ఎవడు కావాలో ముందు చూడు. పక్కవాడు ఎవరి జోలికి రాడో వాణ్ణి ముందే తీసుకుని రౌండు పాడు చేసుకోవడం శుద్ధ తెలివితక్కువ. వాడెక్కడికీ పోడు. ఆఖర్న తీసుకోవచ్చు."

ఈ సూత్రం ఎక్కనిది ఒక్కడికే, సొంత తమ్ముడికి. చిన్నోడు అంటాం, ఇద్దరు పిల్లల తండ్రి అయినా. వాడు ప్రతి ఏడూ మొదటి రౌండులో ఠంచనుగా ఒక గోల్‌కీపర్ని పలికేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. గోల్‌కీపర్ని అంత ముందు ఎవరూ తీసుకోరు, మంచివాడికీ మామూలువాడికీ పాయింట్లలో పెద్ద తేడా ఉండదు. "ఎందుకురా?" అని కోచ్ తల పట్టుకునేవాడు. "ఆయనంటే ఇష్టం అన్నయ్యా" అనేవాడు చిన్నోడు, మహా ఘనకార్యం చేసినట్టు. ఏడాది చివర అట్టడుగున ఉండేది వాడే.

చిన్నోణ్ణి లాండ్రీలో పెట్టించింది కోచే. రోలర్ల మెషీను దగ్గరే పెట్టించాడు, అక్కడ జీతం ఎక్కువని. చేరిన కొన్నాళ్లకి మడత పడిన దుప్పటి మూలని సరిచేయబోయి వాడి కుడి చెయ్యి వేడి రోలరు కిందికి పోయింది. మెషీను ఆపింది కూడా కోచే. చెయ్యి మిగిలింది గానీ వేళ్లు మడత పడవు. అప్పటి నుంచి వాణ్ణి ఏరివేత బల్ల దగ్గరికి మార్చారు. మూటలు విప్పి, దుప్పట్లు దులిపి, వాటిలో చిక్కుకున్న చెంచాలు, కళ్లజోళ్లు, సూదులు ఏరాలి. ఒకసారి కట్టుడు పళ్లు దొరికితే కడిగి, గుడ్డలో చుట్టి, ఏ ఆసుపత్రి మూటో నన్ను అడిగి కనుక్కుని, తనే వెళ్లి ఇచ్చొచ్చాడు. పని నిదానం. కానీ వాడు చూసిన మూటలో సూది మిగిలిపోయి ఎవరికన్నా గుచ్చుకుందని నేను వినలేదు. ఆ చేతితో ఈ గోడల అవతల వాడికి పనిచ్చేవాళ్లు లేరని మా అందరికీ తెలుసు. అందరికన్నా బాగా కోచ్‌కి తెలుసు.

మా మూటల్లో సగం పంపే పెద్ద హోటల్ ఒకరోజు మాకు పంపడం మానేసింది. వాళ్లే సొంతంగా మెషీన్లు పెట్టుకున్నారట. రెండు షిఫ్టుల్లోనూ మనుషుల్ని తగ్గించాలని పైనుంచి మాట వచ్చింది. మేనేజరు ఆ పాపం తన నెత్తిన వేసుకోదలచుకోలేదు. షిఫ్టుకి పదహారు మంది చొప్పున మీరే ఎంచుకోండని సూపర్‌వైజర్లిద్దరి మీదికీ నెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ లెక్కన రెండు షిఫ్టులూ కలిపి బయటికి పోయేది నలుగురైదుగురే, అందులో ముగ్గురు ఎలాగూ మానేస్తామంటున్న పెద్దవాళ్లు. కాబట్టి ఎవరికీ పెద్ద భయం లేదు. గొడవల్లా రోలర్ల దగ్గరి మంచి పనివాళ్ల కోసమే. నాకంటే నాకని ఇద్దరూ ఒంటికాలి మీద లేచారు.

అప్పుడు కోచ్ అన్నాడు, "మన లీగ్‌లో లాగే చేద్దాం సార్. వంతులవారీగా పేర్లు పలుకుతాం. పలికింది పలికినట్టే, మార్పుల్లేవు. పేచీ ఉండదు." మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. పొడుగాయన కూడా సరేనన్నాడు. మనుషుల బతుకుల్ని టీ గది ఆటలో పెట్టొచ్చా అని ఒక్కరికీ తట్టలేదు. మాకది ఆటలా అనిపించడం ఎప్పుడో మానేసింది. మాకు తెలిసిన న్యాయం అదొక్కటే.

ఆ పొద్దున్న కోచ్ భార్య ఆయనకి ఒకే మాట చెప్పిందట. తర్వాత నాతో చెప్పుకుని ఏడ్చింది. "ముందు చిన్నోడి పేరు చెప్పెయ్యండి. ఆ తర్వాత ఎవర్నైనా తీసుకోండి." ఆయన నవ్వాడట. "నీకు డ్రాఫ్ట్ అంటే తెలియదు. పొడుగాయన వాడి వంక కూడా చూడడు. వాడికోసం మొదటి రౌండు ఖర్చు పెడితే రోలర్ల వాళ్లంతా అటు పోతారు. షిఫ్టు మునిగితే వాడూ మునుగుతాడు. ఆఖరి రౌండులో తీసుకుంటాగా" అన్నాడట.  ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకు ఇవాళ్టికీ తెలియలేదు.

టీ గదిలోనే కూర్చున్నారు. బోర్డు దగ్గర నేను, కాటా ఏ షిఫ్టు లెక్కలోకీ రాదు కాబట్టి. మిగతా అందరూ బయట, సరుకు ఎక్కించే అరుగు మీద, ఖాళీ తోపుడు బళ్లలో కూర్చుని ఎదురు చూస్తున్నారు. మెషీన్లు ఆపేయడంతో షెడ్డంతా చెవులు మూసుకుపోయినట్టుంది.

కోచ్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. మొదటి నాలుగు రౌండుల్లోనే రోలర్లకి కావలసిన నలుగుర్నీ పట్టేశాడు. పొడుగాయన కళ్లు ఎవరి మీద ఉన్నాయో కనిపెట్టి, సరిగ్గా ఒక అడుగు ముందు ఆ పేరు పలికేవాడు. ఏ యంత్రమైనా నడపగల నడివయసు ఆవిణ్ణి ఆరో రౌండు దాకా ఎవరూ పట్టించుకోకపోతే మురిసిపోతూ తీసుకున్నాడు. పొడుగాయన పళ్లు నూరుతున్నాడు. మేనేజరు మధ్యలో ఫోను వస్తే బయటికి వెళ్లాడు. పద్నాలుగో రౌండులో కోచ్ బండి ఎక్కించే కుర్రాడి పేరు పలికి, నా వైపు చూసి నవ్వాడు. కిందనున్న రెండు ఖాళీ గీతలు వేలితో చూపించి, "ఇంకొక్కటి అయ్యాక ఇంటి మనిషిది రాయమ్మా" అన్నాడు.

తలుపు తీసుకుని మేనేజరు వచ్చాడు. ఎన్ని రాశావని నన్ను అడిగాడు. పద్నాలుగు చొప్పున అన్నాను. "మంచిదైంది. పద్నాలుగు దగ్గరే ఆపమన్నారు" అన్నాడు.

నా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. కోచ్‌కి ముందు అర్థం కాలేదనుకుంటా, ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "సార్, ఒక్క పేరు మార్చుకుంటాను. ఆఖరిది."

"మార్పుల్లేవన్నావుగా" అన్నాడు పొడుగాయన. గట్టిగా కూడా అనలేదు. "నువ్వు మారిస్తే నేనూ మార్చాలి. నాకూ ఇద్దరు మిగిలిపోయారు. బయట వాళ్లకి ఏం చెప్పను?"

"నా తమ్ముడండీ."

"మరి ముందే పలకాల్సింది" అన్నాడు మేనేజరు. చిరాకుపడలేదు, టైమెంత అంటే చెప్పినట్టు చెప్పాడు. "మీ రూలు మీరే పెట్టుకున్నారు. మళ్లీ మొదలెడితే సాయంత్రానికీ తేలదు." ఫోను తీసి బోర్డుకి ఫోటో కొట్టి అక్కడికక్కడే పైకి పంపేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియదు. పెనాల్టీ ఇవ్వలేదని టీవీ మీదికి చెప్పు విసిరిన కోచ్, ఆ రోజు బోర్డు మీది తన పద్నాలుగు పేర్లూ వేలితో లెక్కపెట్టుకుంటూ నించున్నాడు. "వాడి బదులు నన్ను తీసెయ్యండి" అన్న మాటా రాలేదు. రావాల్సిందని నేననను. రెండిళ్లూ సగానికి పైగా ఆయన జీతం మీదే నడుస్తున్నాయి. కానీ రాకపోవడం నేను చూశాను, నేను చూశానని ఆయనకీ తెలుసు.

బయట పేర్లు చదివే పని మేనేజరు నాకే అప్పజెప్పాడు. బోర్డు మీదివి కాగితం మీదికి ఎక్కించుకుని వెళ్లి చదివాను. తన షిఫ్టువాళ్ల పేర్లు వస్తున్నంతసేపూ చిన్నోడు ప్రతి పేరుకీ చప్పట్లు కొట్టాడు, ఆ బిగుసుకుపోయిన అరచేతితోనే. పద్నాలుగో పేరు అయ్యాక కూడా తల ఎత్తి నా నోటి వంకే చూస్తున్నాడు.  కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పేరు రానివాళ్లు కొందరు ఏడుస్తున్నారు, కొందరు అప్పుడే మేనేజరు గది మీద పడ్డారు. చిన్నోడు బండిలోంచి దిగలేదు. కోచ్ గోడ పట్టుకుని అరుగు వెంబడి నడిచి వాడి దగ్గరికి వచ్చాడు.

"పదహారన్నారురా. మధ్యలో తగ్గించేశారు" అన్నాడు.

"నన్ను ఎన్నో రౌండుకి అనుకున్నావ్ అన్నయ్యా?"

 కోచ్ అబద్ధం చెప్పొచ్చు. పక్కనే ఉన్న నేను కూడా అవునంటూ తలూపేదాన్ని. ఎవరికి చేటు?

"ఆఖరి రౌండుకి" అన్నాడు.

"రోలర్ల వాళ్లు కావాలి కదా. అవును. మొదటి రౌండులు వాళ్లకే పెట్టాలి" అన్నాడు చిన్నోడు. తప్పుపట్టడం లేదు. అన్న దగ్గర నేర్చుకున్నది ఇన్నాళ్లకి ఎక్కినట్టు, నెమ్మదిగా అప్పజెప్పుతున్నాడు. అది వినలేక కోచ్ వాడి భుజం పట్టుకుని కుదిపాడు.

"అది కాదురా! నువ్వంటే లెక్కలేక కాదు. నువ్వెక్కడికీ పోవనుకున్నానురా. నిన్నెవరూ ఎంచుకోరని..." అని, తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవినే పడి, ఆగిపోయాడు.

చిన్నోడు అన్న మొహంలోకి చూశాడు. వాడికి కోపం వస్తుందని, కనీసం ఆ చెయ్యి విదిలించుకుంటాడని నేను ఎదురు చూశాను.

"నిజమే కదన్నయ్యా" అన్నాడు. "ఎవరూ ఎంచుకోలేదు."