వీపు వెనక పైపులు

మాది కొడకండ్ల. జనగామలో ఒక పటేలు దగ్గర చాలా ఏళ్లు ట్రైలర్ నడిపాను. పక్కల గోడలేమీ లేకుండా బల్లపరుపుగా ఉండే పొడవాటి బండి అది. నీళ్ల పథకాలకు వేసే ఇనుప పైపులు దాని మీద పేర్చుకుని భూపాలపల్లి వైపు పోయేవాళ్లం. నాకు ఆ బండి నేర్పింది గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకన్న. అతను కూడా ఆ పటేలు దగ్గరే ఇంకో ట్రైలర్ నడిపేవాడు.

పైపుల లోడు చూసినవాళ్లకు అందులో భయపడాల్సింది ఏముందో తెలియదు. పైపుల నోళ్లన్నీ నేరుగా డ్రైవరు వీపు వైపే ఉంటాయి. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, పైపులు ఆగవు. వాటిని ఆపడానికి క్యాబిన్ వెనక మందపాటి ఇనుప గోడ ఉండాలి. మా బండ్లకు ఒకప్పుడు ఉండేది. ఆ గోడ బరువు తగ్గితే ఇంకో రెండు పైపులు ఎక్కుతాయని పటేలే దాన్ని కోయించేశాడు. లోడు కట్టే గొలుసులు తుప్పు పట్టి తెగిపోతే వాటి బదులు నైలాన్ తాళ్లు ఇచ్చాడు.

గోడ మళ్లీ పెట్టించమని అన్న చాలాసార్లు అడిగాడు. కోపంగా కాదు, బతిమాలినట్టే అడిగేవాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. పటేలు ఫోన్ చూసుకుంటూనే అన్నాడు.

"పానం మీద గంత తీపుంటే బండి మెల్లగ తోలుకో."

అన్న మెల్లగానే నడిపేవాడు. ఆ రోజూ మెల్లగానే పోతున్నాడు. పత్తి ఏరే కాలం, పొద్దు వాలుతున్న వేళ. మొగుళ్లపల్లి దాటాక అతని వెనకాలే నా బండి. పత్తి చేల మధ్య బాట నుంచి కూలి ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటో ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. అన్న బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. తాళ్లు తెగడం నా కళ్లతో చూశాను. పైవరస పైపులు మొత్తంగా కదిలి, ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకు పోయాయి. ఆ చప్పుడు గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆటోకు గీత కూడా పడలేదు. అన్న సీటుకూ స్టీరింగుకూ మధ్య నడుము దగ్గర నలిగిపోయి ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. పైపులు తియ్యాలంటే క్రేన్ రావాలి. అది వచ్చేదాకా ఆ ఆడవాళ్లు పత్తి ఏరే గుడ్డలు ఏటవాలు ఎండ అతని ముఖాన పడకుండా అడ్డం పట్టి నిలబడ్డారు. వాళ్లలో ముసలామె ఒకామె క్యాబిన్ ఎక్కి అతని తల పట్టుకుని కూర్చుంది. అన్న తన తండా భాషలో ఏదో అంటున్నాడు. ఆమెకు ఒక్క ముక్కా తెలియదు. అయినా ఊ కొడుతూనే ఉంది.

వరంగల్ దవాఖానలో ప్రాణం నిలబెట్టారు, కాళ్లు మాత్రం చచ్చుబడ్డాయి. కొంచెం తేరుకున్నాక నేను మంచం పక్కన కూర్చుని ఉంటే తనే మొదలుపెట్టాడు.

"బ్రేకు తొక్కితే ఎనకనుంచి వస్తయని నాకెరికే తమ్మీ. తొక్కకుంటే ముంగట ఆటో. తొక్కినందుకు నాకు బాధ లేదు. గట్ల ఎంచుకునే గతి నాకెందుకు తెచ్చిండు?"

ఆ మాటకు జవాబు చెప్పాల్సిన పటేలు దవాఖానకు రానే లేదు. పోలీస్ స్టేషన్‌కు మాత్రం పోయాడు. డ్రైవరు స్పీడుగా పోయాడని, లోడు సరిగా కట్టుకోలేదని చెప్పి వచ్చాడు. ఆ సంగతి తెలిసి మొగుళ్లపల్లి ఆడవాళ్లు కూలి మానుకుని స్టేషన్‌కు పోయి, మమ్మల్ని బతికించింది ఆయనేనని చెప్పారట. వాళ్ల మాట ఎవరు ఎంత విన్నారో తెలియదు. కేసు అన్న మీదే పడింది. నడవలేని మనిషిని వాయిదాలకు ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయేవాళ్లు.

తర్వాత మేం డ్రైవర్లం లోడు ఎక్కించేది లేదని బండ్లు ఆపేశాం. పటేలు యార్డుకు వచ్చాడు. మా అందరి తరఫున నేనే మాట్లాడాను.

"ఎనక గోడ పెట్టియ్యి పటేలా, గొలుసులు ఇయ్యి. గంతే, తోల్తం."

"బండి నాది. ఇష్టముంటే తోలు. లేకుంటే తాళంచెవి ఆడ పెట్టి పో."

ముందు మాలో ఒకరు, ఆయన వెనక ఇంకొకరు తలలు వంచుకుని బండ్ల వైపు నడిచారు. వాళ్లను తప్పు పట్టను, అందరికీ పిల్లలున్నారు. నేను తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. నాలాంటివాణ్ని పెట్టుకోవద్దని పటేలు నలుగురికీ చెప్పాడు. జనగామలో ఎవరూ బండి ఇవ్వలేదు. చివరికి మహబూబాబాద్‌లో మిర్చి లారీ దొరికింది. ఇప్పటికీ అదే నడుపుతున్నాను. ఘాటుకు కళ్లు మండుతాయి, దగ్గు తగ్గదు. కానీ మిర్చి బస్తా జారితే మనిషిని పొడవదు.

గార్ల వైపు పోయినప్పుడల్లా తండాకు పోతాను. అన్న ఇంటి ముందు మంచం మీద ఉంటాడు. వదిన మిరప చేలల్లో కూలికి పోతుంది. పటేలు ఈమధ్య పెద్ద లీడరయ్యాడని, రోడ్డు భద్రత మీటింగులో స్టేజీ ఎక్కి మాట్లాడాడని ఎవరో చెబితే అన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను.

మొన్న మహబూబాబాద్ బయట చాయ్ హోటల్ దగ్గర పైపుల ట్రైలర్ ఒకటి ఆగి ఉంది. ఎవరి బండో తెలియదు. క్యాబిన్ వెనక గోడ లేదు, కట్టినవి నైలాన్ తాళ్లే. డ్రైవరు ఉత్తరాది వాడు. నాకు వచ్చిన హిందీలో ఆ లోడు ఏం చేస్తుందో చెప్పాను. అడ్డు చెప్పకుండా విన్నాడు. తనకూ తెలుసన్నాడు. చాయ్ తాగేసి, తాళ్లను ఒకసారి చేత్తో లాగి చూసుకుని, బండెక్కి పోయాడు.