హిమజ రాసిన ‘లేదా’

వెంగళరావు నగర్ నుంచి స్కూటీ మీద ఫిల్మ్ నగర్‌కు వచ్చే హిమజ ఉద్యోగం ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో. కింద ఎవరో విలన్ పొద్దుటి నుంచి ఒకే కేక వేస్తుంటే, పైన ఆమె షూటింగులకు మనుషుల్ని పిలిచే సాఫ్ట్‌వేర్ రాసేది. భాష ఎలిక్సిర్. చాలా మర్యాదగల భాష. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్క, అంటే ఫంక్షన్, దాని లోపలికి అంకె వస్తోందా, అక్షరాలు వస్తున్నాయా అని గడప దగ్గర నిలదీయదు. తేడా వస్తే అప్పుడు చూసుకుందామనే రకం.

అందుకని హిమజ ప్రతి ఫంక్షన్ నెత్తిన ఒక వరస రాసేది: లోపలికి ఏం వస్తుంది, బయటికి ఏం వెళ్తుంది. దాన్ని టైప్ హింట్ అంటారు. రాయమని భాష అడగదు. రాసినా, నడిచేటప్పుడు చదవదు. తనిఖీకి వేరే పనిముట్టు ఉంది గాని అదీ పెద్దమనిషే. తప్పని పూర్తిగా రుజువైతే తప్ప నోరు విప్పదు. కనుక ఆ వరసకు పూచీ రాసిన మనిషి మాటే.

పక్క సీటు జగదీశ్ ఆమె ఫంక్షన్లు తెరిచి చూసేవాడే కాదు. పై వరస చదివి వాడుకునేవాడు. “అక్క రాసిందంటే గంతే,” అనేవాడు. ఆఫీసులో హిమజకున్న ఆస్తి అదొక్కటే. ఏసీ దగ్గరి సీటు వేరేవాళ్లది.

షూటింగ్‌కు హీరో ఇచ్చిన డేట్ తెచ్చే ఫంక్షన్ మీద ఆమె ‘తేదీ, లేదా ఏమీ లేదు’ అనే అర్థంతో హింట్ రాసింది. యజమాని రామలింగం గారు దాన్ని చూసి కుర్చీ లాక్కున్నారు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి, చాలా ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన మనిషి.

“ఈ లేదా ఏంటమ్మా?”

“డేట్ రాకపోవచ్చు సార్. హీరో మేనేజర్ తర్వాత చెప్తమంటడు గదా.”

“అంటాడు. అది అందరికీ తెలుసు. తెలిసిందాన్ని రాస్తారా ఎవరైనా? ఎల్లుండి మన సాఫ్ట్‌వేర్ కొనేముందు చూడ్డానికి నిర్మాత తరఫున వీరరాఘవయ్య గారు అల్లుణ్ణి వెంటబెట్టుకొస్తారు. అల్లుడు సాఫ్ట్‌వేరు. కోడ్ తెరవమంటాడు. వాళ్ల హీరో రాడని మనం రాసిపెట్టామంటే బావుంటుందా? అది తీసేస్తే ప్రోగ్రాం ఆగుతుందా?”

“ఆగదు సార్.”

“మరి తీసెయ్.”

తీసేసింది. పనిముట్టు కిక్కురుమనలేదు.

ఆ మధ్యాహ్నమే జగదీశ్ జూనియర్ ఆర్టిస్టులకు మెసేజ్ పంపే భాగం రాశాడు. పైన ‘తేదీ’ అని ఉంది, రాసింది అక్క. తేదీ లేకపోతే ఎలా అన్న ఆలోచనే అతనికి రాలేదు. సాయంత్రం ఒక చిన్న సినిమాలో పెళ్లి సీనుకు ప్రయోగంగా మెసేజ్‌లు వెళ్లాయి. హీరో డేట్ ఇంకా రాలేదు. లేనిదాని చోట ఖాళీ వదిలి భాష హుందాగా ముందుకు సాగింది. అందరికీ టైమ్ వెళ్లింది, చోటు వెళ్లింది, తేదీ మాత్రం లేదు. ఈ పరిశ్రమలో తేదీ లేని పిలుపు అంటే రేపు పొద్దున్నే అని అర్థం.

మర్నాడు పొద్దున్నే షూటింగ్ చోట గేటు ముందు పట్టుచీరలు, పంచెలు, పూలు. ఆర్టిస్టుల పెద్ద నీలమ్మ రామలింగం గారికి ఫోన్ చేసింది.

“సార్, ఆడపెళ్లోళ్లం, మగపెళ్లోళ్లం అందరం వచ్చినం. పెండ్లి ఏడ?”

రామలింగం గారు పరుగున వెళ్లి, కన్యాదాత వినయంతో అందరికీ ఇడ్లీలు పెట్టించి, పెళ్లి చేయకుండానే సాగనంపారు.

ఆఫీసులో జగదీశ్ తెరకేసి చూస్తూ అన్నాడు: “తేదీ వస్తదని నువ్వే గదా రాసినవ్ అక్కా?” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“రాసిన. రాకపోవచ్చని తెల్సే రాసిన.”

ఆమె లేచి రామలింగం గారి గదిలోకి వెళ్లింది. “లేదా మళ్ల పెడుతున్న సార్. అల్లుడు అడిగితే నేను చెప్త.”

“పెట్టమ్మా,” అన్నారాయన, సాంబారు పడిన చొక్కా తుడుచుకుంటూ. “డేట్ లేనప్పుడు ఆ మెసేజ్ కూడా కదలకూడదు.”

అల్లుడు అడగనే అడిగాడు. హిమజ చెప్పింది. వీరరాఘవయ్య గారు ఆ వరస తనూ చదివారు.

“అంటే మా హీరో రాకపోవచ్చని రాతపూర్వకంగా ఒప్పుకున్నారన్న మాట.”

“అవును సార్. అట్లయితే ప్రోగ్రాం ఎవ్వరినీ పిలవదు.”

“మంచిదే. హీరో గారికి మాత్రం చూపించకండి,” అని ఆయన సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు.

జగదీశ్ ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. కాకపోతే పై వరస చదివాక, ఫంక్షన్ తెరిచి చివరిదాకా చూస్తాడు.

“తప్పేమన్న దొరికిందా?” అని ఒకసారి అడిగింది హిమజ.

“లేదక్కా,” అని, తర్వాతిది తెరిచాడు.