సరంగు మునిగిపోయిన వారం

అమలాపురంలో బస్సు దిగేసరికి, గోడ మీద అప్పుడే అతికించిన వాల్‌పోస్టరు నుంచి మైదా జిగురు వాసన గుప్పున తగిలింది. ఉడికిన మైదా, అందులో పురుగు పట్టకుండా వేసిన మైలుతుత్తం. నన్ను యాభై ఏళ్లు వెనక్కి లాక్కుపోయే వాసన అది. తీరా తలెత్తి చూస్తే ఒళ్లు మండిపోయింది. ‘ఏడు దీపాల దీవి’ సినిమా. మధ్యలో పడవ నడిపే సరంగు, చేతిలో కత్తి, కండలు తిరిగిన ఛాతీ. కింద మనిషెత్తు అక్షరాలు: ‘సరంగు తిరిగొస్తున్నాడు!’ ఎక్కణ్ణుంచి తిరిగొస్తాడయ్యా? ఒంటికన్ను ముసలివాడు, నాలుగో భాగంలో నల్లసముద్రంలో పడవతో సహా మునిగిపోయినవాడు! ఆ ఏడు నవలలూ ముప్పైసార్లు చదివినవాణ్ణి కోనసీమ మొత్తానికి నేనొక్కణ్ణే. కథ ఎలా ముగించమంటారని రచయిత స్వయంగా నాకు ఉత్తరం రాశాడు. అలాంటి నన్ను ఒక్క మాటైనా అడక్కుండా చచ్చినవాణ్ణి లేపుతారా?

కోపంలో కొంచెం సాగదీశాను. రచయిత నాకు ఉత్తరం రాయలేదు. నేనే నాలుగు కార్డులు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ముప్పైసార్లన్నది కూడా కోతే. పుస్తకాలుగా ఒక్కసారీ చదవలేదు. వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో విన్నాను, అంతే. వినిపించినావిడ మా పోస్టుమాస్టరు కామేశ్వరమ్మగారు. ఆవిడ ఫోటో ఒక్కటీ మిగల్లేదు. మా ఊళ్లో కూడా ఆ పేరు తలుచుకునేవాళ్లు లేరు. నా అసలు మంట అది.

పలివెల అవతల మా ఊరి పోస్టాఫీసులో నేను పోస్ట్‌మన్‌ని. ఇరవై రెండేళ్లవాణ్ణి. పత్రిక మా ఊరి రాయుడుగారి పేరు మీద, కాగితం పట్టీ చుట్టుకుని వచ్చేది. అమ్మగారు ఆ పట్టీలోంచి పత్రికను పామును లాగినట్టు మెల్లగా లాగి, ఉత్తరాల కోసం అరుగు మీద కూర్చున్న జనానికి సీరియల్ చదివి, మళ్లీ చుట్టి నాకిచ్చేవారు. ఓసారి పట్టీ చిరిగింది. మైదా ఉడికించి అతికించారు. మర్నాడు రాయుడుగారు దిగారు.

“ఏవమ్మా, మా పత్రిక తడిగా వచ్చిందేంటి?”

నేను “వానండీ” అనబోయాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. “వానా లేదు, ఏం లేదు. నేను చదివి అతికించేనండి. పట్టీ చింపడం తప్పే. పైకి రాస్తానంటే కాగితం నేనే ఇస్తాను.”

రాయుడుగారు “ఇంతకీ ఆ సరంగు గుహ దాటేడాండీ?” అన్నారు. పై వారం నుంచి ఆయనా అరుగు మీదే కూర్చున్నారు.

ఆవిడ కోపం నేను చూసింది ఒక్కసారే. అచ్చమ్మ అనే ముసలావిడకు ఉత్తరం చదివిపెడుతూ, తమ్ముడికి జబ్బు ముదిరిందన్న ముక్క మింగేసి, “అంతా కులాసా” అన్నాను. గొప్ప పుణ్యం చేసినట్టు అమ్మగారి దగ్గర చెప్పుకున్నాను కూడా. ఆవిడ చేతిలోని ముద్ర బల్ల మీద ఎంత గట్టిగా కొట్టారంటే ఇంకు నా చొక్కా మీద పడింది.

“ఇప్పుడే వెళ్లి ఉన్నదున్నట్టు చదివి రా.”

“ఏడుస్తారండి, అమ్మగారూ.”

“ఏడవనీ. ఆవిడ తమ్ముడు, ఆవిడ ఏడుపు. మధ్యలో నువ్వెవడివయ్యా? నువ్వు ఉత్తరం మోసేవాడివి, రాసేవాడివి కాదు.”

ఎండలో వెళ్లి చదివాను. అచ్చమ్మగారు ఏడ్చి, ఆ పూట బస్సుకే వెళ్లి, తమ్ముణ్ణి కళ్లారా చూసుకున్నారు. ఇవాళ్టికీ ఎవరైనా ఫోన్ ఇచ్చి “ఇందులో ఏముందో చదవండి” అంటే ఒక్క అక్షరం మింగను.

అంతటి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి చదివేది మార్చారు. సత్యవతి మొగుడు మస్కట్ వెళ్లి ఎనిమిది నెలలు. ఉత్తరం ముక్క లేదు. రోజూ సంచి విప్పే వేళకు వచ్చి అరుగు చివర కూర్చునేది. ఆ వారమే సరంగు మునిగిపోయాడు. అమ్మగారు చదువుతూ తలెత్తారు. సత్యవతి వైపు ఒక్క చూపు చూసి, ‘సరంగు ఈదుకుంటూ ఒడ్డు చేరాడు’ అని చదివారు.

ఇదే నిన్న, ఆ పోస్టరు చూసిన సాయంత్రం, అభిమానుల సభలో మైకు అడిగి పట్టుకుని చెప్పాను. థియేటర్ ముందు రెండు వందల మంది కుర్రాళ్లు, దీపాల బొమ్మల టీషర్టులు. “మీ సినిమావాళ్లు సరంగుని బతికించింది హీరోగారి డేట్లు ఉన్నాయని! మా అమ్మగారు బతికించింది ఒక ఆడమనిషి కన్నీళ్లు చూసి! ఆ తేడా తెలీని వెధవలకి సినిమా ఎందుకయ్యా?” అని అరిచాను. ఈలలు మోగాయి. “తాతగారూ, అదిరిపోయిందండి! ఆవిడ పేరుతో ఈ కథ ఫ్లెక్సీ వేయిస్తాం, మీరు చెప్పింది చెప్పినట్టు” అన్నాడు అభిమాన సంఘం కుర్రాడు. నా గుండె నిండిపోయింది. ఇన్నాళ్లకు ఆవిడ పేరు పదిమంది కంట పడబోతోంది.

అప్పుడు వెనక నుంచి, టికెట్టు కోసం మనవరాలిని తీసుకొచ్చిన ఒక పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. సత్యవతి.

“ఆగండి అన్నయ్యగారూ. ఆవిడేం మార్చలేదండి. మునిగిపోయేడనే చదివేరు. నా మొహంలోకి చూసి మరీ చదివేరు. చదివి, కిందకొచ్చి, నా పక్కన కూర్చున్నారు. మర్నాడు మా గుమ్మంలోకొచ్చి, ‘పై వారం తిరిగొస్తాడు, నేను ముందే చూసేను’ అన్నది మీరు. మీ మాట నమ్మి రెండేళ్లు ఆ గుమ్మంలోనే కూర్చున్నానండి, మా ఆయన కూడా వస్తాడని. ఆ అబద్ధం మీది. ఆవిడ నెత్తిన పెట్టకండి.”