రాగి బిందె నీళ్లు, ఎర్ర రొయ్యలు

బంగారు గనులు మూతపడి పదిహేనేళ్లు దాటిన ఒక వేసవి. రాబర్ట్‌సన్‌పేటలో నాది చిన్న అక్వేరియం షాపు. చేపలకంటే చెర్రీ ష్రింప్‌కే గిరాకీ మొదలైన రోజులు. గోరంత ఎర్ర రొయ్యలు అవి. పొట్ట కింద గుడ్లు మోసే ఆడదాన్ని మేము ‘బెర్రీడ్’ అంటాం.

తెల్లారి మారికుప్పం రైలెక్కి బెంగళూరు ఆఫీసుకు పోయే ఒకాయన, భార్యకు కాలక్షేపంగా ఉంటుందని నాచేత ఇంట్లో ఒక రొయ్యల తొట్టె పెట్టించుకున్నాడు. ఆమె పేరు సుజాత. ముందు ఏడాది కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. కొద్దిరోజులకే ఫోన్ చేసింది.

“అన్నా, దినామూ ఒకటి చచ్చిపోతాండాది. గుడ్లు మోసేది ఒకటే మిగిలింది. అదీ పోతే నాకూ...” అని ఆగిపోయింది.

రొయ్యకూ తన కడుపుకూ ముడిపెట్టుకున్న మనిషికి ఏం చెప్పాలి? షట్టరు దించి పరుగెత్తాను.

అమోనియా టెస్ట్ చేశాను, అంటే మలంతో నీళ్లు చెడ్డాయా అని చూడడం. చెడలేదు. ఫిల్టరు బాగుంది. దోమల మందూ కొట్టలేదట.

“నీళ్లు యాడివి పోస్తాండావమ్మా?”

“ట్యాంకరు నీళ్లు ఉప్పు కదన్నా, అవి పోస్తానా? మా అత్త నాకోసరం రాగి బిందెలో పెట్టే నీళ్లే వాటికీ దినామూ ఒక లోటా పోస్తాండాను.”

మన ఒంటికి లెక్కలోకి రాని ఆ కాస్త రాగి రొయ్యకు విషం. అంత ప్రేమగా పోసిన మనిషికి ఆ మాట చెప్పక తప్పలేదు.

“ఆ నీళ్లే కదన్నా నేనూ తాగతాండేది!”

“అయ్యో, నువ్వేమన్నా రొయ్యవా తల్లీ? మీ అత్త ఇన్నేళ్లుగా తాగలా? అనుమానముంటే డాక్టరమ్మను అడుగు” అని గదిమాను.

మిగిలిన రొయ్యను షాపుకు తెచ్చి వేరే నీళ్లలో వేశాను. ఊరికూరికే పోయి తొంగిచూసేవాణ్ని. ఒక ఉదయం చూస్తే పొట్ట కింద ఖాళీ. ఒంట్లో బాగాలేని రొయ్య గుడ్లు జారవిడిచేస్తుంది. షాపులో ఇంకో బెర్రీడ్ ఉంది. అదే ఇచ్చేస్తే ఆమె ఆనవాలు పట్టలేదు. ప్లాస్టిక్ కవర్లో వేసి, పట్టుకుని కూర్చున్నాను కూడా. రేపు అదీ చస్తే ఇంకో అబద్ధం ఎక్కడ తేను? దాన్ని వదిలేసి, పాతదాన్నే పట్టుకుపోయాను.

“గుడ్లు పోయినాయమ్మా. ఇది మాత్రం బతికింది” అన్నాను, తల దించుకుని.

ఆమె కవరు అందుకుని రొయ్యను చూసింది.

“ఇది బతికింది కదన్నా, అది చాలు. మళ్లా పెట్టుకుంటాది గుడ్లు. నేను మోస్తాండ్లా మళ్లా?”

భయంలో ఉన్న మనిషి నిజాన్ని తట్టుకోలేదని అంతవరకూ అనుకునేవాణ్ని. తట్టుకోలేక షాపులో ఆ ఇంకో రొయ్య కవరు పట్టుకుని కూర్చున్నది నేనే.